"ఫలానా వాళ్లకున్నట్టే ఇవ్వండి": ఒక రిపోర్టింగ్ సిస్టమ్‌లో అనుమతులను మళ్లీ కట్టిన కేస్ స్టడీ

ఉద్యోగంలో చేరి మూడు వారాలైన ట్రైనీ ఒకమ్మాయి ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చింది. "సర్, సేల్స్ రిపోర్ట్ కోసం వెతుకుతుంటే ఇది కనబడింది. ఇది నేను చూడొచ్చా? మొదటి పేజీ చూసి మూసేశాను" అంది. స్క్రీన్ వంక చూడగానే నా గుండె జారింది. అది ఉద్యోగుల జీతాల రిపోర్ట్. పేరు, హోదా, నెల జీతం, కోతలు, అన్నీ మనిషి వారీగా ఉంటాయి అందులో.

ఆ అమ్మాయి నిజాయితీగా వచ్చి అడిగింది కాబట్టి మాకు తెలిసింది. ఆ తలుపు ఎన్నాళ్లుగా తెరిచి ఉందో, అంతకుముందు ఎవరెవరు తొంగిచూశారో అప్పటికప్పుడు చెప్పలేని స్థితి మాది. రిపోర్టింగ్ సిస్టమ్ అడ్మిన్‌గా అది నా బాధ్యత. ఆ తర్వాత దాదాపు ఐదు నెలలపాటు యూజర్ గ్రూపులను, అనుమతులను పునాది నుంచి మళ్లీ కట్టాం. ఏం చేశామో, ఎక్కడ తప్పటడుగు వేశామో వివరంగా రాస్తున్నాను. ఇదే పని నెత్తిన పడిన వాళ్లకు పనికొస్తుంది.

మేము వాడేది ఎస్ఏపీ సంస్థ రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ బిజినెస్ ఆబ్జెక్ట్స్ 4.2. రిపోర్టులన్నీ వెబ్ ఇంటెలిజెన్స్‌లో, అంటే అందరం వెబీ అనే దానిలో ఉంటాయి. అడ్మిన్ పనంతా సీఎంసీ, అంటే సెంట్రల్ మేనేజ్‌మెంట్ కన్సోల్‌లో. మీరు పవర్ బీఐ, టాబ్లో లాంటివి వాడుతుంటే మెనూల పేర్లు మారతాయి గానీ జబ్బు మాత్రం ఇదే.

ఒక్క వాక్యపు టికెట్

ముందు ఆ అమ్మాయికి ఆ యాక్సెస్ ఎలా వచ్చిందో వెనక్కి వెళ్లి చూశాం. యాక్సెస్ కోరుతూ పెట్టిన టికెట్‌లో ఆమె మేనేజర్ రాసింది ఒక్కటే వాక్యం: "కొత్తగా చేరారు, పక్క సీట్లో ఉన్న సీనియర్‌కు ఉన్నట్టే యాక్సెస్ ఇవ్వండి." మా టీమ్ అలాగే ఇచ్చింది. ఆ సీనియర్ రెండేళ్ల కిందట హెచ్‌ఆర్ నుంచి సేల్స్‌కు మారిన మనిషి. మారినప్పుడు సేల్స్ గ్రూపులో చేర్చారు, హెచ్‌ఆర్ గ్రూపులోంచి మాత్రం ఎవరూ తీయలేదు. తీయమని అడిగిన వాళ్లు లేరు, తీయాలని తట్టినవాళ్లూ లేరు. ఆయన పాత ఉద్యోగపు తాళాలు ఆయన జేబులోనే ఉండిపోయాయి. మేము వాటికి నకళ్లు కొట్టి ట్రైనీ చేతిలో పెట్టాం.

టికెట్ల చరిత్ర తిరగేస్తే ఇలాంటి వాక్యం కొన్ని వందల చోట్ల ఉంది. అడిగే మేనేజర్‌కు అది సులువు, ఎందుకంటే గ్రూపుల పేర్లు ఆయనకు తెలియవు. ఇచ్చే అడ్మిన్‌కూ సులువే, ఆలోచించాల్సిన పని లేదు. కానీ ప్రతి నకలుతో పాటు అసలు మనిషి ఉద్యోగ చరిత్ర మొత్తం కొత్త మనిషికి అంటుకుంటుంది. మా సిస్టమ్‌లో పేరుకున్న అనుమతుల్లో పెద్ద వాటా ఇలా వచ్చిందే. దొంగతనం లేదు, హ్యాకింగ్ లేదు, ఎవరి దురుద్దేశమూ లేదు.

ఆడిటింగ్ అదృష్టవశాత్తూ ముందు నుంచీ ఆన్ చేసి ఉంది. ఏ డాక్యుమెంట్‌ను ఎవరు ఎప్పుడు తెరిచారో ఆ డేటాబేస్‌లో దొరికింది. జీతాల రిపోర్ట్ తెరిచిన వాళ్ల జాబితా ఆ రాత్రే తీసి హెచ్‌ఆర్ హెడ్‌కు ఇచ్చాం. ఆ ఫోల్డర్‌ను వెంటనే ఇద్దరికి మాత్రమే పరిమితం చేశాం. మీ దగ్గర ఆడిటింగ్ ఆపి ఉంటే, ఇది చదవడం ఆపి ముందు దాన్ని ఆన్ చేయించండి.

డినై అనే ఉచ్చు

మర్నాడు మా టీమ్‌లో వచ్చిన మొదటి సలహా: "సేల్స్ గ్రూపుకు హెచ్‌ఆర్ ఫోల్డర్ మీద డినై పెట్టేద్దాం సర్, ఐదు నిమిషాల పని." డినై అంటే ఆ గ్రూపుకు ఆ హక్కు లేదని స్పష్టంగా నిషేధించడం. నేను వద్దన్నాను. వద్దనడానికి కారణమైన సంఘటన అంతకు రెండు నెలల ముందే జరిగింది.

నెలాఖరు రోజు. ఫైనాన్స్‌లో సీనియర్ ఆఫీసర్ ఒకావిడ ఫోన్ చేసి, "బాబూ, నా బడ్జెట్ రిపోర్ట్ మాయమైపోయింది. పొద్దున దాకా ఉంది. సాయంత్రం బోర్డుకు పంపాలి" అన్నారు. గొంతులో టెన్షన్ స్పష్టంగా వినబడుతోంది. సీఎంసీలో ఆ ఫోల్డర్ యూజర్ సెక్యూరిటీలోకి వెళ్లి, ఆవిడ పేరు ఎంచుకుని వ్యూ సెక్యూరిటీ నొక్కాను. పర్మిషన్స్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంది. వరుసగా హక్కుల పేర్లు, పక్కన వాటి స్థితి, ఆ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే సోర్స్ కాలమ్. ఆబ్జెక్ట్‌ను చూసే హక్కు ఎదురుగా డినైడ్ అని ఉంది. ఫైనాన్స్ గ్రూపు ద్వారా ఆవిడకు గ్రాంటెడ్ ఉంది కదా, మరి ఇదెక్కడిది? సోర్స్ పట్టుకుని ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్తే ఒక ప్రాజెక్ట్ గ్రూపు తేలింది. ఆవిడ ఆ ప్రాజెక్టుకు సలహాదారు అని ఆ ఉదయమే ఎవరో అందులో చేర్చారు. ఆ గ్రూపులో బయటి కన్సల్టెంట్లు కూడా ఉంటారని, వాళ్లకు బడ్జెట్ కనబడకూడదని, ఎప్పుడో మూడేళ్ల కిందట ఒక అడ్మిన్ ఆ గ్రూపుకు బడ్జెట్ ఫోల్డర్ మీద డినై పెట్టారు.

బిజినెస్ ఆబ్జెక్ట్స్‌లో ఒక హక్కుకు మూడు స్థితులుంటాయి: గ్రాంటెడ్, డినైడ్, నాట్ స్పెసిఫైడ్. ఒక మనిషి రెండు గ్రూపుల్లో ఉండి, ఒక గ్రూపు ఇస్తుంటే మరొకటి డినై చేస్తే, డినైదే పైచేయి. ఎక్కడా ఏమీ చెప్పకపోతే, అంటే నాట్ స్పెసిఫైడ్ అయితే, అదీ లేనట్టే లెక్క. ఈ రెండో ముక్క చాలామంది పట్టించుకోరు. ఇవ్వకపోతేనే తలుపు మూసి ఉంటుంది. దానికి మళ్లీ డినై అనే గొళ్లెం అక్కర్లేదు. గొళ్లెం పెట్టామంటే రేపు న్యాయంగా లోపలికి రావాల్సిన మనిషి కూడా ఇంకో గ్రూపులో ఉన్న పాపానికి బయటే నిలబడాలి.

సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1975లోనే ఈ సూత్రం రాశారు: నిర్ణయం అనుమతి మీద ఆధారపడాలి, మినహాయింపు మీద కాదు, మామూలు స్థితిలో ప్రవేశం లేకుండా ఉండాలి. కాబట్టి మా కొత్త నిర్మాణంలో మొదటి నియమం ఇదే రాసుకున్నాం. డినై ఎక్కడా వాడకూడదు. దేన్నైనా ఆపడానికి డినై తప్ప మార్గం లేదనిపిస్తే, గ్రూపు తప్పుగా కట్టామని అర్థం.

లెక్క తీయడం

ఉన్నదేమిటో తెలియకుండా కొత్తది కట్టలేం. సిస్టమ్ లోపలి వివరాలు అడిగి తీసుకునే క్వెరీ బిల్డర్‌లో యూజర్లను, గ్రూపులను, ఎవరు ఎందులో ఉన్నారో తీశాం. మొదటి జాబితాలో యూజర్లు సరిగ్గా 1,000 మంది వచ్చారు. అంత గుండ్రని అంకె రావడంతో అనుమానమొచ్చింది. ఆ సర్వర్ క్వెరీలు పరిమితి చెప్పకపోతే 1,000 వరుసల దగ్గరే ఆగిపోతాయి. టాప్ అని పెద్ద సంఖ్య ఇచ్చి మళ్లీ నడిపితే మిగతా వాళ్లూ వచ్చారు. ఇది తెలియక సగం జాబితా మీద పథకం వేసుకుంటే ఎంత నష్టమో ఊహించండి.

గ్రూపులు 200 దాటాయి. కొన్నింటిలో ఒక్కరే ఉన్నారు, కొన్నింటిలో ఎవరూ లేరు. మనుషుల పేర్లతో ఉన్న గ్రూపులు, "టెంప్" అని మొదలై ఏళ్లు గడిచినవి, ఒకదానిలో ఒకటి చొప్పున నాలుగు మెట్లు దిగిన గ్రూపులు. ఒకే గ్రూపు సేల్స్ ఫోల్డర్ చూపిస్తుంది, రిపోర్ట్ ఎడిట్ చేయనిస్తుంది, అలాగే ఒక జోన్ డేటాను మాత్రమే వడపోస్తుంది. మొత్తం గందరగోళానికి మూలం ఇక్కడే ఉందని నాకు అప్పుడు అర్థమైంది. ఒక్క గ్రూపు మూడు ప్రశ్నలకు జవాబు చెబుతోంది. ఏ ఫోల్డర్ చూడాలి, ఏ పని చేయగలగాలి, ఎవరి డేటా కనబడాలి. మనిషి మారినప్పుడు ఈ మూడిటిలో ఒకటే మారుతుంది. కానీ గ్రూపు ఒక్కటే కాబట్టి దాన్ని కదిపితే మూడూ కదులుతాయి. అందుకే ఎవరూ కదపరు, పక్కన ఇంకో గ్రూపు పుట్టిస్తారు.

విభాగాధిపతులతో మాటామంతీ

ఇక్కడ మేము ఒక నెల వృథా చేశాం. గ్రూపులన్నీ అడ్డంగా, ఫోల్డర్లన్నీ నిలువుగా ఒక పెద్ద ఎక్సెల్ చేసి, "మీ విభాగానికి అవసరమైనవి టిక్ చేయండి" అని అందరు హెడ్‌లకూ పంపాం. వచ్చిన జవాబులు చూస్తే నీరసమొచ్చింది. దాదాపు అందరూ దాదాపు అన్నీ టిక్ చేశారు. వాళ్ల తప్పేం లేదు. "మీకు ఇది కావాలా?" అని అడిగితే పోగొట్టుకోవడం ఎందుకని ఎవరైనా కావాలనే అంటారు.

రెండోసారి ప్రశ్న మార్చాం. ఒక్కో ఫోల్డర్‌కు ఒక్కో కాగితం. పైన ఫోల్డర్ పేరు, అందులో ఏ రిపోర్టులున్నాయో రెండు మూడు వరుసల్లో మామూలు మాటల్లో. కింద, ఆ రోజున ఆ ఫోల్డర్ తెరవగలిగిన మనుషుల పేర్లు, వాళ్ల విభాగం, ఆడిటింగ్ ప్రకారం చివరిసారి ఎప్పుడు తెరిచారు. గ్రూపుల పేర్లు ఎక్కడా లేవు. ఆ కాగితాలు పట్టుకుని నేనే వెళ్లి ఒక్కొక్కరి ఎదురుగా కూర్చున్నాను. ఫైనాన్స్ హెడ్ మొదటి పేజీలో నాలుగో పేరు దగ్గరే ఆగిపోయారు. "ఈయన ఇక్కడెందుకున్నారు? ఈవిడ మానేసి ఏడాదైంది కదా?" పెన్ను తీసి ఆయనే కొట్టేయడం మొదలుపెట్టారు. గంటలో మూడు ఫోల్డర్లు తేలిపోయాయి. మనిషి పేరు కళ్లెదుట కనబడితేనే నిర్ణయం సాధ్యమవుతుంది, గ్రూపు పేరు చూస్తే ఏమీ తోచదు.

ఒక జాగ్రత్త చెబుతాను. చివరిసారి ఎప్పుడు తెరిచారన్న తేదీ చూసి తొందరపడి తీసేయకండి. కొన్ని రిపోర్టులు ఏడాదికి ఒక్కసారే, ఖాతాలు ముగించే రోజుల్లోనే తెరుస్తారు. ఆరు నెలల లెక్క చూసి వాటి యాక్సెస్ తీసేస్తే సంవత్సరాంతంలో అందరూ మీ మీద పడతారు. మేము కనీసం 13 నెలల వాడకం చూశాం.

కొత్త కట్టడం

హక్కును ఉద్యోగానికి ఇచ్చి, మనిషిని ఆ ఉద్యోగంలో కూర్చోబెట్టాలన్న ఆలోచన కొత్తదేం కాదు. ఫెరైయోలో, కుహ్న్ 1992లో దీన్ని రోల్ ఆధారిత యాక్సెస్ కంట్రోల్‌గా ఒక పద్ధతిలో పెట్టారు. మేము దాన్ని మా సిస్టమ్‌కు ఇలా అన్వయించుకున్నాం.

మనుషులెవరూ నేరుగా బిజినెస్ ఆబ్జెక్ట్స్ గ్రూపుల్లో ఉండరు. ఉద్యోగం వారీ గ్రూపులు సంస్థలో అందరి లాగిన్‌లూ ఉండే యాక్టివ్ డైరెక్టరీ (ఏడీ)లో ఉంటాయి. వాటిని హెచ్‌ఆర్ రికార్డు నడిపిస్తుంది. మనిషి విభాగం మారితే ఏడీ గ్రూపు మారుతుంది, సిస్టమ్ తనంతట తాను ఆ మార్పు తెచ్చుకుంటుంది. ఈ ఏడీ గ్రూపులను బిజినెస్ ఆబ్జెక్ట్స్ లోపల మేము కట్టిన ఎంటర్‌ప్రైజ్ గ్రూపుల కింద ఉపగ్రూపులుగా చేర్చాం. ఎంటర్‌ప్రైజ్ గ్రూపులు రెండే రకాలు. ఒక రకం ఫోల్డర్‌కు: ఫైనాన్స్ చూసేవాళ్లు, ఫైనాన్స్ రాసేవాళ్లు, అలా. రెండో రకం పనికి: చదివేవారు, విశ్లేషించేవారు, రిపోర్ట్ తయారుచేసేవారు. వెబీలో ఎవరికి ఏ బటన్లు పనిచేయాలో ఈ రెండో రకం నిర్ణయిస్తుంది. మూడో ప్రశ్న, అంటే ఎవరి డేటా అన్నది, గ్రూపుల్లోంచి పూర్తిగా తీసేశాం. దాని సంగతి తర్వాత చెబుతాను. ఇలా విడదీశాక 200 దాటిన గ్రూపులు 40 లోపుకు దిగాయి. గ్రూపు పేరు చదివితే అది ఏ ప్రశ్నకు జవాబో ఎవరికైనా తెలుస్తుంది.

యాక్సెస్ లెవెల్స్, అంటే ఒక్కో పేరు కింద కట్టగా పెట్టిన హక్కుల విషయంలో ఒక మెలిక ఉంది. సిస్టమ్‌తో వచ్చే వ్యూ ఆన్ డిమాండ్ పేరు చూసి, అది చూడటానికి, రిఫ్రెష్ చేయడానికి మాత్రమే అనుకుంటారు. నిజానికి దాని కింద షెడ్యూల్ లెవెల్‌లోని హక్కులన్నీ ఉన్నాయి. అది ఇచ్చామంటే షెడ్యూల్ చేయడం, ఎక్స్‌పోర్ట్ చేయడం కూడా ఇచ్చినట్టే. సిస్టమ్ ఇచ్చే లెవెల్స్‌ను మార్చలేం కాబట్టి సొంతంగా నాలుగు కట్టుకున్నాం. జీతాల ఫోల్డర్‌కు వాడేదానిలో ఎక్స్‌పోర్ట్ హక్కే లేదు.

ఫోల్డర్లలో హక్కులు రెండో మెట్టు దగ్గరే పెట్టాలని నియమం పెట్టుకున్నాం. దాని కింద ఏ ఉపఫోల్డర్‌లోనూ, ఏ రిపోర్ట్ మీదా విడిగా ఏమీ పెట్టం. లోపలి ఉపఫోల్డర్‌కు వేరే హక్కులు కావాలంటే అది అక్కడ ఉండాల్సింది కాదని అర్థం, దాన్ని బయటికి తెచ్చి రెండో మెట్టులో పెడతాం. అన్నిటికంటే పైనున్న రూట్ దగ్గర ఎవ్రీవన్ గ్రూపుకు చూసే హక్కు ఇచ్చాం గానీ, దాన్ని ఆ ఒక్క ఆబ్జెక్ట్‌కే పరిమితం చేశాం. కిందికి పారకూడదు. ఇది పారడం వల్లే మా పాత సిస్టమ్‌లో కొత్తగా పెట్టిన ఏ ఫోల్డరైనా పుట్టిన క్షణం నుంచే అందరికీ కనబడేది.

"రిపోర్ట్ తెరుచుకుంటోంది గానీ రిఫ్రెష్ కావడం లేదు" అన్న ఫిర్యాదు మొదటి వారాల్లో రోజూ వచ్చేది. వెబీ రిపోర్ట్ రిఫ్రెష్ కావాలంటే నాలుగు తాళాలు తెరవాలి. ఫోల్డర్ మీద హక్కు, వెబీ అప్లికేషన్ మీద హక్కు, యూనివర్స్ (డేటాబేస్ పట్టికలకు, రిపోర్టులకు మధ్య ఉండే పొర) మీద డేటా యాక్సెస్, ఆ యూనివర్స్ డేటాబేస్‌ను చేరడానికి వాడే కనెక్షన్ మీద డేటా యాక్సెస్. చాలాసార్లు నాలుగోదే మర్చిపోతాం. ఈ నాలుగూ కలిపి ఒక్క పట్టికలో రాసుకుని, ఫోల్డర్ గ్రూపుకు హక్కు ఇచ్చే ప్రతిసారీ ఆ వరుస మొత్తం పూర్తి చేయడం అలవాటు చేసుకున్నాక ఆ ఫిర్యాదులు దాదాపు ఆగాయి.

ఎవరి డేటా ఎవరికి

దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మేము బాగా దెబ్బతిన్నది ఇక్కడే.

జోన్ మేనేజర్‌కు తన జోన్ అమ్మకాలే కనబడాలి. ఇంతకుముందు జోన్‌కో గ్రూపు, ఆ గ్రూపుకో యూనివర్స్ నియంత్రణ. ఒకరు రెండు జోన్లు చూడాల్సి వస్తే ఆ నియంత్రణలు ఎలా కలుస్తాయో చెప్పడమే కష్టమయ్యేది. కొత్తగా డేటాబేస్‌లో ఒక చిన్న పట్టిక పెట్టాం. రెండే కాలమ్‌లు: లాగిన్ పేరు, జోన్. లాగిన్ అయిన మనిషి పేరు ఇచ్చే బీవోయూజర్ అనే వేరియబుల్‌తో యూనివర్స్‌లో ఆ పట్టికను కలిపాం. రెండు జోన్లుంటే రెండు వరుసలు. బదిలీ అయితే ఒక వరుస మార్పు. గ్రూపులతో పనే లేదు.

మొదటి రోజే ఒక మేనేజర్‌కు రిపోర్ట్ ఖాళీగా వచ్చింది. పట్టికలో ఆయన లాగిన్ చిన్న అక్షరాల్లో ఉంది, సిస్టమ్ పెద్ద అక్షరాల్లో ఇస్తోంది. రెండు వైపులా అక్షరాలు ఒకే తీరుకు మార్చి పోల్చేలా చేస్తే సరిపోయింది. ఇది చిన్న దెబ్బ.

పెద్ద దెబ్బ వారం తర్వాత తగిలింది. ఒక జోన్ మేనేజర్ మీటింగులో పక్క జోన్ అంకెలు చెప్పారు. ఆయన పట్టిక వరుస సరిగ్గానే ఉంది. ఆయన లాగిన్‌కు సరిపోయే టెస్ట్ యూజర్‌తో రిఫ్రెష్ చేసి చూస్తే ఒక్క జోనే వస్తోంది. మరి ఆ అంకెలు ఎక్కడివి? ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని, "రోజూ మీరు చూసేది ఎలా చూస్తారో అలాగే చూపించండి సర్" అన్నాను. ఆయన రిఫ్రెష్ జోలికే పోలేదు. రిపోర్ట్ హిస్టరీ తెరిచి, ఆ ఉదయం ఆరింటికి షెడ్యూల్ మీద తయారైన ఇన్‌స్టెన్స్, అంటే అప్పటి డేటాతో నిలిచిన కాపీ నొక్కారు. అన్ని జోన్లూ ప్రత్యక్షం. ఆ షెడ్యూల్ పెట్టింది సేల్స్ హెడ్.

డేటా వడపోత పనిచేసేది క్వెరీ డేటాబేస్‌కు వెళ్లే క్షణంలోనే. షెడ్యూల్ చేసిన మనిషి పేరు మీద క్వెరీ వెళ్తుంది, ఆయనకు వచ్చే డేటాయే ఇన్‌స్టెన్స్‌లో గడ్డకడుతుంది. ఆ తర్వాత ఆ ఇన్‌స్టెన్స్ ఎవరు తెరిచినా అదే డేటా. డేటాతో సహా సేవ్ చేసిన డాక్యుమెంట్‌దీ ఇదే కథ. తయారుచేసిన మనిషి చివరిసారి రిఫ్రెష్ చేసి సేవ్ చేశారంటే, ఆయన చూసిన డేటా అందులో నిలిచే ఉంటుంది. మేము ముందు తలుపుకు గట్టి తాళం వేసి, కిటికీ బార్లా తెరిచిపెట్టాం.

సరిచేయడానికి మూడు పనులు చేశాం. వడపోత ఉన్న రిపోర్టులన్నీ పర్జ్ చేసి, అంటే డేటా తీసేసి, తెరవగానే రిఫ్రెష్ అయ్యేలా పెట్టి సేవ్ చేశాం. ఆ ఫోల్డర్లకు వాడే యాక్సెస్ లెవెల్‌లోంచి ఇన్‌స్టెన్స్‌లు చూసే హక్కు తీసేశాం. మెయిల్‌లో వెళ్లాల్సిన వాటిని మామూలు షెడ్యూల్ నుంచి తప్పించి, పబ్లికేషన్‌గా మార్చాం, అందులో ఒక్కో గ్రహీతకు విడిగా డేటా తెచ్చే పద్ధతి ఎంచుకున్నాం. దీనివల్ల డేటాబేస్ మీద భారం పెరుగుతుంది, ఉదయం గంటన్నర ఎక్కువ పడుతోంది. ఆ గంటన్నరకు నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

మార్పు రోజు

సీఎంసీలో హక్కులు మార్చితే వెనక్కి తిప్పే బటన్ లేదు. అందుకని మారుస్తూ పోవడం కాకుండా, పాతది అలాగే ఉంచి పక్కన కొత్తది కట్టాం. కొత్త గ్రూపులు, కొత్త లెవెల్స్ పెట్టి, ప్రతి ఉద్యోగానికీ ఒక టెస్ట్ యూజర్‌ను చేశాం. ఏది కనబడాలి, ఏది కనబడకూడదు అని ముందే కాగితం మీద రాసుకుని, లాగిన్ అయి ఒక్కోటీ సరిచూశాం. కనబడకూడనివి సరిచూడటానికే ఎక్కువ సమయం పెట్టాం. కనబడాల్సింది కనబడకపోతే యూజరే ఫోన్ చేస్తారు. కనబడకూడనిది కనబడితే ఎవరూ ఫోన్ చేయరు. ఆ ట్రైనీ లాంటి వాళ్లు అరుదు.

తర్వాత వారానికి ఒకటి రెండు ఫోల్డర్ల చొప్పున పాత గ్రూపుల హక్కులు తీస్తూ వచ్చాం. ప్రతిసారీ ముందు సీఎంఎస్ డేటాబేస్ (యూజర్లు, హక్కుల వివరాలుండేది), ఫైల్ రిపాజిటరీ (రిపోర్ట్ ఫైళ్లుండేది) రెండూ కలిపి బ్యాకప్. పాత గ్రూపులను తొలగించలేదు, హక్కులు తీసేసి 60 రోజులు అలాగే ఉంచాం. వాటి సభ్యుల జాబితా మళ్లీ చూడాల్సిన అవసరం మూడుసార్లు వచ్చింది.

సంస్థ వదిలి వెళ్లిన వాళ్ల ఖాతాలు డిసేబుల్ చేశాక వచ్చిన సోమవారం పొద్దున్నే గోడౌన్ నుంచి ఫోన్. రోజూ ఏడింటికి వచ్చే డిస్పాచ్ రిపోర్ట్ రాలేదు, లారీలు నిలబడి ఉన్నాయి. ఆ షెడ్యూల్ యజమాని ఏడాదిన్నర కిందటే వెళ్లిపోయిన ఉద్యోగి. ఖాతా బతికి ఉన్నంతకాలం షెడ్యూల్ నడిచింది, డిసేబుల్ చేయగానే ఫెయిల్ అయింది. నేనే చేత్తో రిపోర్ట్ నడిపి పంపి, ఆ రోజంతా కూర్చుని పునరావృతమయ్యే షెడ్యూళ్లన్నీ, వాటి యజమానులతో సహా క్వెరీ బిల్డర్‌లో తీశాం. వ్యక్తుల పేరు మీద నడిచే ముఖ్యమైనవన్నీ ఏ ఒక్కరిదీ కాని సర్వీస్ ఖాతా మీదకు మార్చాం. అయితే సర్వీస్ ఖాతాకు అన్ని జోన్ల డేటా కనబడుతుంది. పైన చెప్పిన ఇన్‌స్టెన్స్ కిటికీ మళ్లీ తెరుచుకోకుండా, వడపోత ఉన్న రిపోర్ట్ ఒక్కటి కూడా దాని మీద పెట్టలేదు. ఈ జాబితా తీయడం ఖాతాలు ఆపడానికి ముందే చేయాల్సింది. అది నా పొరపాటు. ఆ రోజు లారీల దగ్గర ఎండలో నిలబడిన వాళ్లకు నేను స్వయంగా ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను.

ఖాతా తొలగించడం ఇంకా పెద్ద నిర్ణయం. యూజర్‌ను తొలగిస్తే ఆయన వ్యక్తిగత ఫోల్డర్, అందులోని రిపోర్టులు కూడా పోతాయి. విభాగంలో అందరూ వాడే ఎక్సెల్ లెక్కల వెనకున్న అసలు రిపోర్ట్ చాలాసార్లు ఎవరో ఒకరి వ్యక్తిగత ఫోల్డర్‌లోనే ఉంటుంది. మేము ముందు డిసేబుల్ చేసి, ఆ విభాగం వాళ్లను అడిగి, కావాల్సినవి బయటి ఫోల్డర్‌కు మార్చాకే తొలగిస్తున్నాం.

ఇప్పుడు

యాక్సెస్ కోరే ఫారంలో ఇప్పుడు ఇంకో ఉద్యోగి పేరు రాయడానికి చోటు లేదు. ఏ ఉద్యోగం, ఏ ఫోల్డర్, ఎన్నాళ్లకు అన్నవే ఉంటాయి. ఫోల్డర్ యజమాని, అంటే ఆ విభాగాధిపతి, ఒప్పుకుంటేనే మా దాకా వస్తుంది. పెద్ద విభాగాల్లో ఒక్కొక్కరికి తమ ఫోల్డర్ వరకు సభ్యులను చూసుకునే బాధ్యత అప్పగించాం. హక్కులను సురక్షితంగా మార్చే ప్రత్యేక హక్కు సిస్టమ్‌లో ఉంది. అది ఉన్నవాళ్లు తమకున్న హక్కులకు మించి ఇతరులకు ఇవ్వలేరు.

మూడు నెలలకోసారి ఆ ఫోల్డర్ కాగితాలు మళ్లీ ప్రింట్ తీసి తీసుకెళ్తున్నాను. మెయిల్‌లో పంపితే చూడకుండానే ఓకే అంటారని తెలుసు కాబట్టి ఎదురుగా కూర్చుంటాను. పోయినసారి జీతాల ఫోల్డర్ పేజీలో ఆరు పేర్లున్నాయి. హెచ్‌ఆర్ హెడ్ మేడమ్ కళ్లజోడు సరిచేసుకుని ఒక్కో పేరూ పైకి చదివారు. ఐదో పేరు దగ్గర ఆగి, "ఈయన పోయిన వారమే ట్రైనింగ్ విభాగానికి వెళ్లారు కదా" అన్నారు. హెచ్‌ఆర్ రికార్డులో బదిలీ తేదీ ఇంకా ఎక్కలేదు, అందుకే ఏడీ గ్రూపు మారలేదు. ఆవిడ అక్కడికక్కడే ఫోన్ తీసి తన టీమ్‌తో రికార్డు సరిచేయించారు. సాయంత్రం మళ్లీ చూస్తే ఆ ఫోల్డర్‌లో ఐదు పేర్లే ఉన్నాయి.